పిల్లగాని బర్త్‌డేకు ఫైర్ స్టేషనోళ్లు టైమిచ్చిన్రు, థాంక్స్ ఎట్ల చెప్పాలె?

ముందుగాల ఆమె అడిగిన ముచ్చట రెండు ముక్కలల్ల చెప్త. హన్మకొండల ఉండే ఒక తల్లి. కొడుక్కు ఆరేండ్లు నిండినయ్, వానికి ఫైరింజనంటే పానం. దగ్గరున్న స్టేషన్ల అడిగితే పుట్టినరోజు నాడు పట్టుకొని రాండ్రి అన్నరట, పది మంది పోరగాళ్లను తీస్కొని పోయిన్రు. హెల్మెట్ పెట్టిన్రు, బండ్ల కూసోబెట్టిన్రు, పైపు చేతికిచ్చి నీళ్లు కొట్టిచ్చిన్రు. గంట కాకముందే కాల్ వచ్చింది, అందరు బండెక్కి పోయిన్రు, కేకు సగం కోసింది కోసినట్టే ఉండిపోయింది, వీళ్లు కాల్స్ ఎత్తే వాచ్ రూమ్‌ల ఉన్నాయనకు చెప్పి ఇంటికొచ్చిన్రు. ఇప్పుడు వాళ్లాయన ఏమో ఓ ఐదు వేలు కవర్ల పెట్టి ఇద్దాం, వాళ్లే పార్టీ చేస్కుంటరు అంటున్నడు. ఈమెకు అది మనసుకు వస్తలేదు. ఏం ఇయ్యాలె, ఏం రాయాలె, మళ్ల పోతే ఇబ్బంది అయితదా అని అడిగింది.

అమ్మా, నేను 30 ఏండ్లు ఫైర్ సర్వీసుల చేసిన. ఫైర్‌మన్‌గ చేరి లీడింగ్ ఫైర్‌మన్‌గ రిటైరైన. పరకాల, జనగామ, వరంగల్ గిట్ల తిరిగిన. నువ్వు అంటున్న ఏమనుకోకు, మా బిడ్డ వయసే ఉంటవ్.

పైసల సంగతి ముందు ఒడగొడ్త. ఇయ్యకు. మీ ఆయన మంచి మనసుతోనే అన్నడు కాని కవరు చేతుల పెట్టంగనే అవుతలోనికి ఇబ్బంది మొదలైతది. గవర్నమెంటు నౌకరీ చేసెటోళ్లకు 1964 నాటి కాండక్ట్ రూల్స్ ఉన్నయ్, చేసిన పనికి జనం దగ్గర పైసలు తీస్కునుడు అండ్ల తప్పే. తీస్కుంటే ఒక బాధ, వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటరేమో అని ఇంకో బాధ. మా దగ్గర ఒక పెద్దమనిషి గట్లనే కవరు బల్ల మీద పెట్టి, వద్దు సార్ అనేలోపే బయటికి నడిచిండు. ఆయన వెనుక ఉరికి, రోడ్డు మీద అందరు చూస్తుండంగ జేబుల మళ్ల పెట్టినం. ఇద్దరికీ ముఖం చెల్లలేదు. మళ్ల ఎప్పుడు ఎదురైనా ఆయన తల తిప్పుకొని పోయేది. మంచి చేద్దామనుకున్నాయనకు గంత అవసరమా చెప్పు.

తినే వస్తువు వేరే ముచ్చట, అది మన దగ్గర ఎవ్వరు కాదనరు. అయితే పెద్ద బేకరీ డబ్బా కంటే ఇంట్ల చేసిన సకినాలో, మురుకులో, నిలువ ఉండేది పట్టుకపో. ఎందుకంటే నువ్వు పోయిన రోజు డ్యూటీల ఉన్నోళ్లు నీ కొడుకుతోని ఆడినోళ్లు కాకపోవచ్చు, డబ్బా వాళ్ల దాకా చేరాలంటే రెండు రోజులు ఆగే సరుకు కావాలె. డబ్బా మీద ఒక చిట్టీ అంటియ్, ఫలానా రోజు పొద్దుగూకంగ డ్యూటీల ఉన్నోళ్లకు అని. లేకుంటే ఏమైతదో నాకు తెలుసు, మేమే తిన్నం మస్తు సార్లు. ఎండకాలమైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో, రెండు పుచ్చకాయలో పట్టుకపో, గడ్డివాము కాల్ పోయి నల్లగయ్యి వచ్చినోనికి పుచ్చకాయ ముక్క ముందట మైసూర్‌పాక్ కూడ పని చెయ్యది.

ఇగ అసలు ముచ్చట ఉత్తరం. నువ్వు అడిగినదాంట్ల నాకు నచ్చిన ప్రశ్న ఇదే. చానా మంది వాట్సాప్ల థాంక్యూ సో మచ్ అని రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతరు, అయిపాయె. తప్పని అంటలేను. కాని పదేండ్లయినా యాదికుండేది కాయిదం మీద రాసింది, అండ్ల గూడ ఆ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాసింది. మీ సేవలు అమోఘం, మీరు సమాజానికి రక్షకులు, గిసొంటి మాటలు ఏటా ఏప్రిల్ల చేసే ఫైర్ వీక్ల స్టేజీ మీద ఎట్లాగు ఇంటం. అవి ఎవ్వరికన్న అనొచ్చు, మాకే అన్నట్టు ఉండది.

ఒకటి చెప్త విను. చానా ఏండ్ల కింద మా స్టేషన్‌కు ఒక పిల్లగాడు వచ్చిండు, రెండో మూడో చదువుతుండె. వాళ్లు బండి చూస్తుండంగనే బెల్లు కొట్టింది. మావోడొకడు అప్పుడే కాళ్లు కడుక్కుంటున్నడు. గట్లనే ఒట్టి కాళ్లతోని ఉరికి బండెక్కిండు, గంబూట్లు బండ్లనే ఉంటయ్ కదా, పోంగ పోంగ ఏస్కున్నడు. మేమెవ్వరం దాన్ని పట్టించుకోలేదు, రోజు ఉండేదే. వారం తర్వాత ఆ పిల్లగాని తండ్రి వచ్చి ఒక కాయిదం ఇచ్చి పోయిండు. అండ్ల ఎర్ర బండి, బండి పక్కన ఐదుగురు మనుషులు, నలుగురికి నల్లటి బూట్లు, ఒకనికి లేవు, వాని కాళ్లకు ఐదైదు వేళ్లు సుత ఏసిండు. కింద ఇట్ల రాసి ఉంది: అంకుల్ మీరు చెప్పులు లేకుంట ఉరికిన్రు, కాలు కాలలేదా?

ఆ కాయిదం మా వాచ్ రూమ్ గోడకు అంటిచ్చినం. ఒట్టి కాళ్లతోని ఉరికినాయన కొత్తగ ఎవ్వరొచ్చినా చెయ్యి పట్టి తీస్కపోయి సూపెట్టెటోడు, ఇది నేనే అని. మొగోడు నలభై దాటినోడు, పత్తి మిల్లుల ఒకసారి బేళ్ల నడుమ పొగ మింగి రెండు రోజులు దవాఖాన్ల పండి వచ్చినోడు, అసొంటాయన గా బొమ్మ చూసి పొంగిపోయేది. సున్నాలేసేటప్పుడు గోడ మీది కాయిదాలన్ని పీకేసిన్రు, అది మాత్రం ఆయన ఇంటికి పట్టుకపోయిండు.

అందుకే మీ కొడుకునే అడుగు, ఏం యాదికున్నది బిడ్డా అని. నువ్వు చెప్పియ్యకు. వాడు బండి గురించి చెప్పకపోవచ్చు, స్టేషన్ల ఉన్న కుక్క గురించి చెప్తడేమో, హెల్మెట్ల చెమట వాసన వచ్చింది అంటడేమో. అదే రాయనియ్. అక్షరం తప్పులు దిద్దకు. బొమ్మ వానితోనే ఏపియ్, మంచిగ రాలేదని నువ్వు గీస్తే అది నీ బొమ్మ అయితది.

పెద్దోళ్ల తరఫున నువ్వు ఇంకొకటి రాయాలె, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ గారికి అని పేరు పెట్టి. ఒక కాపీ జిల్లా ఫైర్ ఆఫీసర్ ఆఫీసుల ఇయ్. ఇది ముఖ్యం. మా మీద కంప్లైంటు వస్తే నిమిషంల పైదాకా పోతది, మంచి మాట మాత్రం స్టేషన్ గేటు దాటి పోదు. జిల్లా ఆఫీసర్ ఆ కాయిదం చూసి ఫోన్ చేసి మంచిగ చేసిన్రట కదా అన్న రోజు, పొద్దుగాల పరేడ్ల మా ఆఫీసర్ అందరి ముందట చదివిండనుకో, దానికి ఐదు వేల కవరు సరిరాదు. ఏం రాయాలె అంటవా, ఇగో నాకు తోచింది:

సార్, మొన్న ఫలానా తారీఖు పొద్దుమీకి మా బాబు పుట్టినరోజుకు మీ స్టేషన్‌కు వచ్చినం. డ్రైవర్ గారు పిల్లలను ఒక్కొక్కలను ఎత్తి సీట్ల కూసోబెట్టిండు, పదకొండు మందిని ఎత్తిండు, ఒక్కసారి సుత యాష్టకు రాలేదు. ఒక పాప సైరన్‌కు భయపడి ఏడిస్తే ఇంకో సార్ దాన్ని బండి వెనుకకు తీస్కపోయి పైపు చుట్ట ఎట్ల చుడ్తరో చూపెట్టి నవ్విచ్చిండు. కాల్ రాంగనే మీరు పోయిన తీరు చూసినంక మా బాబు మంచం మీదికెల్లి దుంకి షర్టు ఏస్కునుడు ప్రాక్టీస్ చేస్తున్నడు. ఆ రోజు డ్యూటీల ఉన్న అందరికి మా ఇంటోళ్లందరి తరఫున థాంక్స్. కేకు మీకు ముట్టలేదు, అదొక్కటే మాకు లోటు.

గంతే. ఇది నేను ఊహించి రాసింది, మీకు జరిగింది మీరు రాయాలె. పేర్లు తెలిస్తే పేర్లు రాయి. తెల్వకుంటే తారీఖు, టైము రాస్తే సాలు, ఆ టైంల ఎవరున్నరో రిజిస్టర్ల ఉంటది.

ఇంకొక మాట, మీరు వెళ్లిపోయినంక అక్కడ ఏం పని జరుగుతదో మీకు తెల్వది కదా, అది తెలిస్తే ఉత్తరంల ఒక లైను వేరే తీరుగ వస్తది. మీ పిల్లలు నీళ్లు కొట్టిన్రు. బండిల ట్యాంకు మామూలుగ 4500 లీటర్లు పడ్తది, పంపు పూర్తిగ ఇడిసి కొడితే రెండు మూడు నిమిషాలల్ల ఖాళీ. అందుకే పిల్లలకు పెద్ద హోసు ఇయ్యరు, సన్న పైపు ఉండే హోస్ రీల్ ఇస్తరు, పెద్దదైతే పెద్దోన్నే వెనుకకు నూకుతది. పిల్లలు ఆడిన నీళ్లు ఎన్ని పోయినా, మీరు గేటు దాటంగనే ట్యాంకు మళ్ల నిండాలె, సగం ట్యాంకుతోని బండి నిలవద్దు. పెద్ద హోసు ఇప్పి సూపెట్టిన్రనుకో, ఒక్కొక్కటి 15 మీటర్లు ఉంటది, దాన్ని తుడిచి, ఆరబెట్టి, మళ్ల చుట్టాలె. తడి మీద చుడితే బూజు పట్టి లోపట పాడైతది, అటెన్క అగ్గి కాడ ప్రెషర్ పెట్టంగనే టప్పుమని పలుగుతది. మీకు గంట, వాళ్లకు రెండు గంటలు. ఎవ్వరు చెప్పరు ఇది, చెప్పుకునేది కాదు గూడ.

ఫొటోల గురించి నువ్వు అడగలేదు గాని చెప్పాలె, ఎందుకంటే నాకు దీంట్ల దెబ్బ తగిలింది. నేను చేసిన ఒక స్టేషన్ల గిట్లనే పిల్లలు వచ్చిన్రు, మేం మంచిగనే చూసుకున్నం. వాళ్లతోని వచ్చిన పిల్లగాడొకడు రీల్ చేసి పెట్టిండు. పిల్లగాడు స్టీరింగ్ పట్టుకున్నడు, సైరన్ మోగుతున్నది, మావోడు బనీన్ మీద కేకు తింటున్నడు, పైన ఫైర్ స్టేషన్ల పార్టీ అని రాసి ఒక డీజే పాట. మూడో నాడు మాకు మెమో వచ్చింది, డ్యూటీ టైంల ఇదేంది, సంజాయిషీ ఇయ్యుండ్రి అని. సంజాయిషీ రాసుకుంట కూసున్నం నలుగురం. అటెన్క ఒక ఏడాది దాకా ఎవ్వరు పిల్లలను తీస్కొస్తమన్నా పై ఆఫీసు పర్మిషన్ కాయిదం తెచ్చుకోండ్రి అని పంపించినం. ఒక్క రీల్‌తోని ఎంత మంది పిల్లలకు తలుపు మూసుకుపోయిందో చూడు. నీ దగ్గర ఫొటోలుంటే ఇంట్ల ఉంచుకో. పెట్టాలనిపిస్తే ముందు వాళ్లకు సూపెట్టి అడుగు, యూనిఫాం సక్కగ ఉన్నదే పెట్టు, తింటున్నది పెట్టకు. మంచిది ఒకటి ప్రింట్ కొట్టిచ్చి స్టేషన్‌కు ఇయ్, అందరు కలిసి దిగిన ఫొటో మా దగ్గర ఉండనే ఉండది. పెండ్లిళ్లకు గూడ సగం మందిమే పోతం కదా, మిగిలిన సగం డ్యూటీల.

కేకు సగంల పోయిన్రని పిల్లలు ఏడ్చిన్రని రాసినవ్. వానికి చెప్పు, వాళ్లు నీ బర్త్‌డే ఇడిసిపెట్టి పోలేదు, నీకు ఇయ్యాల ఒక ఫ్రీ షో పడ్డది అని. నిజంగ చెప్తున్న, బెల్లు కొట్టినంక టర్నౌట్, అంటే మేం ఉరికి బండెక్కి పోవుడు, చూసుడు అందరికి దొరకది, మేం ఫైర్ వీక్ల డెమో చేస్తే అది నాటకమే, మీ పిల్లలు చూసింది అసలుది. ఆ వీక్ గూడ ఎందుకొచ్చిందో వానికి చెప్పొచ్చు: 1944 ఏప్రిల్ 14 నాడు బొంబాయి డాక్‌ల ఫోర్ట్ స్టికీన్ అనే షిప్పు పేలింది, అండ్ల పత్తి బేళ్లు, మందుగుండు రెండు కలిసి ఉండె. అగ్గి ఆర్పుతున్న ఫైర్ సిబ్బంది 66 మంది పోయిన్రు. అందుకే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వీక్ చేస్తరు. మన వరంగల్‌ల పత్తి అంటే ఏందో చెప్పాల్సిన పని లేదు, ఎనుమాముల మార్కెట్‌కు సీజన్ల ఎన్ని బండ్ల పత్తి వస్తదో అందరు చూసిందే. పత్తికి అంటుకుంటే పైకి ఆరినట్టే ఉంటది, లోపట గంటలకు గంటలు రాజుకుంటది. బేలు ఇప్పి, ఇరగదీసి, తడిపి, మళ్ల తడిపి రావాలె. మిర్చి కాలితే ఇగ దాని ఘాటు చెప్పొద్దు, కండ్లు, ముక్కు, గొంతు ఒక్కటైతయ్. ఎండకాలం మొత్తం గడ్డి, పత్తి, వానాకాలంల వరద నీళ్లల్ల పడవలు. 2023 జులైల భూపాలపల్లి దిక్కున్న మోరంచపల్లి ఊరు మునిగిన రోజులు యాదికున్నయి కదా, అప్పుడు ఈ దిక్కు ఎవ్వరు నిద్ర పోలేదు.

థాంక్స్ అనేదానికి ఇంకొక దారి ఉన్నది, పైసా ఖర్చు లేదు. మీ బాబుకు ఇంటి అడ్రస్ నోటికి నేర్పియ్. 101 కొట్టినంక వాచ్ రూమ్ల అడిగేటివి మూడే: ఏం కాలుతున్నది, యాడ, ఏ నంబర్‌కెల్లి చేస్తున్నవ్. పెద్దోళ్లే గాబరాల మా ఇల్లు కాలుతున్నది, తొందరగ రాండ్రి అని పెట్టేస్తరు, ఏ ఇల్లో చెప్పరు. ఇంటి నంబర్ కంటే గుర్తు బాగ పని చేస్తది, ఫలానా గుడి వెనుక, ఫలానా వాటర్ ట్యాంక్ పక్క గల్లీ అని. వాపస్ ఫోన్ చేస్తరు, ఎత్తాలె. 112 అయినా కలుస్తది. ఆ తర్వాత ఇంకోటి గట్టిగ చెప్పు, ఆటకు ఆ నంబర్ కొట్టొద్దని. స్టేషన్ చూసి పోయిన పిల్లలు ఉషారుల ఫోన్ చేసి పెట్టేసుడు మాకు అలవాటే, తిట్ట మనసు రాదు, నవ్వుకోను గూడ రాదు. ఉత్తరంల మా వానికి అడ్రస్ చెప్పుడు వచ్చింది అని ఒక ముక్క రాయి, చదివినోడు సంబురపడ్తడు.

ఇంకా, బర్త్‌డే ముచ్చట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. స్నో స్ప్రే. కేకు కాడ క్యాండిల్స్ ముట్టిచ్చి పిల్లల మీద అది కొట్టుడు ఈ నడుమ ఫ్యాషన్ అయింది. అండ్ల నురుగును బయటికి నూకేది చానా డబ్బాలల్ల మండే గ్యాసే, వంటింట్ల ఉన్న గ్యాస్ జాతిదే. ఒక ఫంక్షన్ హాల్‌ల నేను పోయిన కాల్ ఇదే, ఒక పాప జుట్టుకు నురుగున్నది, ముందుకు ఒంగి ఊదింది, భగ్గుమన్నది. పక్కనున్న తాత తన తుండుగుడ్డ తల మీద ఏసి ఒత్తబట్టి బతికిపోయింది, కనుబొమ్మలు, ముందు జుట్టు పోయినయ్ గంతే. మేం పోయేసరికి అంతా అయిపోయింది, మేం పోయి చేసింది ఏం లేదు, తాతకు దండం పెట్టి వచ్చినం. జాతర్ల అమ్మే గ్యాస్ బుగ్గలు గూడ కేకు కాడ కట్టకు, హైడ్రోజన్ నింపినయైతే పేల్తయ్. వచ్చే ఏడు బాబు బర్త్‌డేకు ఇవి రెండు లేకుంట చేసినవనుకో, దాన్ని మించిన థాంక్స్ మాకెందుకు.

మళ్ల పోవచ్చా అంటే, ఎందుకు పోవద్దు, పో. గంపగుత్తగ కాదు, నువ్వు, బాబు, ఆయన, ముగ్గురే. ఫోన్ చేసి పో. పొద్దుగాల పరేడు, బండ్ల చెకింగ్ నడుస్తది, మధ్యాహ్నం ఎండకు కాల్స్ ఉంటయ్, సాయంత్రం నాలుగు ఐదు నడుమ జర ఖాళీ దొరుకుతది. ఐదు నిమిషాలు కూసో, డబ్బా, ఉత్తరం, ఫొటో ఇయ్, చాయ్ తాగుమంటరు, తాగు. బాబును వాని చేతులతోనే ఆ బొమ్మ ఇయ్యనియ్, నువ్వు ముందట పడకు. అది తీస్కున్నాయన ఏమన్నా అనకపోతే తప్పు పట్టకు, మాకు గసొంటప్పుడు మాట రాదు.

కారు మాత్రం గేటు ముందట ఆపకు, రోడ్డుకు అవుతల పెట్టు.